సహాయకురాలి చదువు చిన్నదా?



బడి వదలి ఏళ్ళు గడిచినా పదాల పిచ్చి నన్ను వదలలేదు. ఈసారి నన్ను పట్టుకున్న పదం 'వృత్తి చికిత్స'. ఆక్యుపేషనల్ థెరపీకి మనవారు వాడే అనువాదం ఇది. ఈ మాట వినగానే పని పోయినవారికి పని ఇప్పించే వ్యవహారమేమో అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. ఆ అజ్ఞానంతోనే ఒకనాడు మా అమ్మాయి మనసు నొప్పించాను. ఆ తప్పు ఒప్పుకొని, దాని నుండి నేను నేర్చినది మీ ముందుంచడమే ఈ టపా ఉద్దేశం.

మా అమ్మాయి ఎం.సి.ఏ. చదివి, వివాహానంతరం అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో స్థిరపడింది. పిల్లలు బడికి వెళ్ళే ఈడు వచ్చాక, 2016లో ఫోను చేసి, "నాన్నగారూ, ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంటు చదువులో చేరుతున్నాను" అన్నది. అదేమిటని అడిగాను. "జబ్బుపడినవాళ్ళు మళ్ళీ తమంతట తాము స్నానం చేయడానికి, బట్ట కట్టుకోవడానికి, అన్నం తినడానికి తోడ్పడే పని" అన్నది. అంత చెప్పినా నా చెవికి 'అసిస్టెంటు' అన్న ఒక్కమాటే వినబడింది. "ఎం.సి.ఏ. చదివిన పిల్లవు, ఆయా పనికి మళ్ళీ చదువు కూడానా?" అన్నాను. ఆమె మారుమాట పలుకలేదు. పలికి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

మరుసటి ఏడు మేమిద్దరం అక్కడికి వెళ్ళాము. ఒక రాత్రి మంచినీళ్ళకని లేచి చూస్తే, భోజనాల బల్ల దగ్గర మా అమ్మాయి కుడిచేతిని చున్నీతో ఒంటికి కట్టేసుకొని, ఎడమచేత్తో చొక్కా తొడుక్కోవాలని అవస్థ పడుతున్నది. పక్షవాతం వచ్చినవారు చొక్కా ఎట్లా వేసుకోవాలో నేర్పాలంటే ముందు తాను అనుభవించి చూడాలట. పడిపోయిన చేతికే ముందు తొడగాలి. విప్పేటప్పుడు బాగున్న చేతిని ముందు తీయాలి. అరవై యేళ్ళుగా చొక్కా తొడుగుతున్న నాకు అందులో ఒక క్రమం ఉన్నదని ఆనాడే తెలిసింది.

ఆ పక్కనే ఆమె రాసుకున్న కాగితాలున్నాయి. పళ్ళు తోముకోవడమనే ఒక్క పనిని ముప్పై ముక్కలుగా విడగొట్టి రాసింది. బ్రష్షును గుర్తుపట్టడం, చేయి చాచడం, వేళ్ళతో పట్టడం, మూత తిప్పడం, ఎంత పేస్టు చాలునో నిర్ణయించడం, ఎప్పుడు ఆపాలో తెలియడం. ఒక్కొక్క ముక్కకు ఏ కండరం, ఏ కీలు, ఎంత చూపు, ఎంత జ్ఞాపకం కావాలో ఎదురుగా రాసి ఉన్నది. జీవితమంతా పద్యాలకు ప్రతిపదార్థం చెప్పినవాణ్ణి నేను. మా అమ్మాయి చేస్తున్నదీ అదే. ఏ పదం దగ్గర విద్యార్థి ఆగిపోతున్నాడో కనిపెట్టనివాడు తాత్పర్యం ఎంత చెప్పినా వృథా. రోగి ఏ మెట్టు మీద ఆగిపోతున్నాడో కనిపెట్టడం ఈ చదువుకు ప్రాణం.

చదువు స్వరూపం క్లుప్తంగా చెబుతాను. అక్కడి కమ్యూనిటీ కళాశాలల్లో ఇది సుమారు రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ. శరీర నిర్మాణం, కదలికల శాస్త్రం, మానవ వికాసం, మానసిక వ్యాధులు పాఠ్యాంశాలు. చివర కనీసం 16 వారాలు పూర్తికాలం ఆసుపత్రుల్లోనో, వృద్ధుల నిలయాల్లోనో, బడుల్లోనో పర్యవేక్షణలో పని చేయాలి. గుర్తింపు పొందిన కళాశాలలో చదివినవారికే జాతీయ పరీక్షకు అర్హత. అది గట్టెక్కాక రాష్ట్ర లైసెన్సు తీసుకోవాలి. రోగిని పరీక్షించి, చికిత్సా ప్రణాళికను నిర్ణయించే బాధ్యత థెరపిస్టుది. ఆ ప్రణాళికను రోజువారీ ఆచరణలో పెట్టి, రోగి ఎంతవరకు వచ్చినదీ చూసి చెప్పేది సహాయకురాలు. 1950లలో మానసిక చికిత్సాలయాల్లో మనుషులు చాలక అమెరికాలో ఈ తరగతి ఏర్పడింది. అవసరం పుట్టించిన చదువు ఇది.

అయినా ఈ చదువులో కఠినమైన భాగం శరీర శాస్త్రం కాదని మా అమ్మాయి అన్నది. "చేతులు కట్టుకొని నిలబడడం కష్టం నాన్నగారూ. ముసలాయన గుండీ పెట్టుకోలేక పది నిమిషాలు తంటాలు పడుతుంటే, రెండు క్షణాల్లో మనం పెట్టేయగలిగీ పెట్టకుండా ఉండాలి" అన్నది. ఆనాడు విని తల ఊపాను. అర్థమైనది అయిదేళ్ళకు.

2022లో మా శ్రీమతికి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. ప్రాణాపాయం తప్పింది. ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చి వ్యాయామాలు చేయించగా మూడు నెలల్లో కర్ర పట్టుకొని నడిచింది. ఇక నేను సేవకు దిగాను. అన్నం కలిపి ముద్దలు పెట్టాను. తల దువ్వి, రాకరాక జడ అల్లాను. చూసినవారంతా నన్ను మెచ్చుకున్నారు. నాకూ గర్వంగానే ఉండేది. కాని ఆమె రోజురోజుకు మాట తగ్గించింది. కుడిచెయ్యి ఒడిలో ఎవరిదో వస్తువులా పడి ఉండేది.

ఒకరోజు వీడియోలో చూస్తూ మా అమ్మాయి, "అమ్మకు ఏ పని చేసుకోవాలని ఉందో అడిగారా?" అన్నది. అడగలేదు. ఆసుపత్రిలోనూ ఎవరూ అడగలేదు. అప్పుడు అడిగాను. ఆమె చాలాసేపు ఊరుకొని, "పొద్దున దీపం నేనే పెట్టుకోవాలి. మీరు కొని తెచ్చే వత్తులు నాకు బాగుండవు" అన్నది.

అది చాలునన్నది మా అమ్మాయి. కాని తానుగా ఏదీ మొదలుపెట్టలేదు. "నేను సహాయకురాలిని. పరీక్షించి నిర్ణయించవలసింది థెరపిస్టు. ముందు అక్కడికి తీసుకువెళ్ళండి" అన్నది. తన హద్దు తెలిసిన మనిషి మాట అది. మా జిల్లాలో అటువంటివారెవరూ నాకు దొరకలేదు. కారు మాట్లాడుకొని నగరానికి వెళ్ళాము. ఆ థెరపిస్టు రెండు గంటలు ఓపికగా పరీక్షించి, మంచి ప్రణాళిక రాసి ఇచ్చారు. కాని దానిని ప్రతిరోజూ దగ్గరుండి చేయించేవారేరీ? నెలకొకసారి నగరానికి పోగలమేమో గాని రోజూ పోలేము కదా. ఆ ఖాళీలో నిలబడవలసిన మనిషే సహాయకురాలు. మా అదృష్టం కొద్దీ మా అమ్మాయి సముద్రాల అవతలి నుండి, ఆ థెరపిస్టు అనుమతితోనే, ఆ చోట నిలబడింది. మొదట దూది ఊరకే విడదీయడం, తరువాత కుడిచేయి దూదిని అదిమి పట్టుకుంటే ఎడమచేయి లాగడం, ఆపైన రెండు అరచేతుల మధ్య నులమడం. అగ్గిపుల్ల జోలికి పోవద్దన్నది. నాకు మాత్రం ఒకే ఆజ్ఞ: "నాన్నగారూ, మీరు ముట్టుకోకూడదు."

ముట్టుకోకుండా ఉండడమంత కష్టమైన పని నేను నా జన్మలో చేయలేదు. నాలుగు నెలలకు ఒక వత్తి తయారైంది. వంకరగా, ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉన్నది. దీపం నేనే వెలిగించాను. ఇప్పటికీ నేనే వెలిగిస్తాను. ఆ చేయి పూర్తిగా రాలేదు, వస్తుందని ఎవరూ చెప్పలేదు కూడా. కాని వత్తి ఆమెది. ఆ రోజు నుండి అన్నం ముద్ద కూడా తానే కలుపుకుంటానన్నది. ఎడమచేతితోనే, పోనీండి.

ప్రేమతో నేను చేసిన సేవ ఆమె చేతి నుండి మిగిలిన పనిని కూడా లాగేసుకున్నది. ఈ మాట చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను, ఎందుకంటే మన ఇళ్ళలో రోగికి అన్నీ చేసిపెట్టడమే ధర్మమని నమ్మేవారు నావంటివారే ఎక్కువ.

ఇక నా అభిప్రాయం. మన దేశానికి ఈ విద్య కొత్తది కాదు. అమెరికాలో పుట్టి, భారతీయుని వివాహమాడి ఇక్కడే జీవించిన కమలా నింబ్కర్ 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో దీనికి తొలి పాఠశాలను నెలకొల్పారు. మనకు పొరుగున వెల్లూరులోనూ, కటక్ సమీపంలోని జాతీయ పునరావాస సంస్థలోనూ థెరపిస్టుల డిగ్రీ చదువు ఉన్నది. కాని డిగ్రీ చదివినవారు ప్రతి పల్లెకు రాలేరు. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం పార్లమెంటు 2021లో చేసిన చట్టం, రెండు నుండి నాలుగేళ్ళలో కనీసం 2,000 గంటల శిక్షణ పొందినవారిని అనుబంధ ఆరోగ్య నిపుణులుగా నిర్వచించింది. ఆ చట్రంలోనే, ఇంటర్మీడియెట్ చదివిన పిల్లలకు జిల్లా కేంద్రాల్లో తెలుగులో ఈ శిక్షణ ఇవ్వాలని నా కోరిక. తెలుగులో ఎందుకంటే, చీర కుచ్చెళ్ళు పోసుకోవడం, పీట మీద కూర్చొని లేవడం, చెంబుతో నీళ్ళు పోసుకోవడం, ఆవకాయ అన్నం కలుపుకోవడం ఆంగ్ల పాఠ్యగ్రంథాల్లో ఉండవు. వీటికి ప్రతిపదార్థం మనమే రాసుకోవాలి.

ఇది అరకొర వైద్యులను తయారుచేయడం కాదా అని కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పర్యవేక్షించే థెరపిస్టు లేకుండా సహాయకులను ఒంటరిగా వదిలితే ఆ అపాయం నిజమే. కనుక ఇద్దరూ కావాలి. తన హద్దు తెలియడం కూడా ఆ శిక్షణలో భాగమేనని మా అమ్మాయి వద్ద చూశాను గనుకనే ధైర్యంగా అంటున్నాను.

చివరగా, మొదలుపెట్టిన పదం సంగతి. 'వృత్తి చికిత్స' తీసివేసి 'నిత్యకృత్య చికిత్స' అనాలని చాలాకాలం వాదించాను. ఇప్పుడు కొంత మెత్తబడ్డాను. వృత్తి అంటే ఉద్యోగం మాత్రమే కాదు. ఉండే తీరు, నడచే తీరు కూడా. అది 'వృత్' ధాతువు నుండి వచ్చింది. దీపపు 'వత్తి'కి మూలమైన 'వర్తి' కూడా ఆ ధాతువు నుండే వచ్చింది. వ్యాకరణం ముప్పై యేళ్ళు చెప్పినవాడికి ఈ సంగతి మా ఇంటి దేవుడి గూటి ముందు గాని తట్టలేదు. అయినా సామాన్యులకు తేలికగా అర్థమయ్యేది ఏ పదమో విజ్ఞులైన మీరే చెప్పాలి.

మా అమ్మాయికి మాత్రం ఆనాటి మాటకు క్షమాపణ చెప్పాను. "ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయాను నాన్నగారూ" అన్నది. మరిచిపోలేదని నాకు తెలుసు.

స్వస్తి.