రాజీ కబురు మార్కెట్ మూసేశాకే చెప్పండి!
వొడాఫోన్ ఐడియా చిన్న వాటాదారుల విన్నపం

తోటి మదుపరులారా!

సెటిల్‌మెంట్ అయిపోయినట్టే, క్యాబినెట్ నోట్ రెడీ, వడ్డీ పెనాల్టీ మాఫీ, ఇప్పుడు కొనకపోతే ఈ రేటుకు మళ్లీ దొరకదు... ఏళ్ల తరబడి ఈ మాటలు మన వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉన్నాయి. నమ్మి కొన్నవాళ్లున్నారు, నష్టాన్ని యావరేజ్ చేద్దామని మళ్లీ మళ్లీ కొన్నవాళ్లూ ఉన్నారు. అత్యాశకు పోయారని వాళ్లను తిట్టి ఊరుకోవడం తేలిక. కానీ వదంతికి మేత వేస్తున్నది ఢిల్లీ మౌనం. ఆ మౌనానికి ఒక పద్ధతి పెట్టమని అడగడానికే ఈ కరపత్రం.

ప్రభుత్వానికీ కంపెనీకీ మధ్య తగువేమిటో క్లుప్తంగా చెబుతాం. 1999 టెలికాం విధానం కింద కంపెనీలు లైసెన్స్ ఫీజును ఆదాయంలో వాటాగా కట్టడానికి ఒప్పుకున్నాయి. ఆ ఆదాయంలో ఏవేవి కలుస్తాయన్నదే పేచీ. టెలికాం సేవల మీద వచ్చిందే లెక్క అన్నాయి కంపెనీలు. బ్యాంకు వడ్డీ, డివిడెండ్లు, అద్దెలు కూడా కలుస్తాయంది టెలికాం శాఖ. 2019 అక్టోబర్ 24న సుప్రీంకోర్టు శాఖ వైపే తీర్పు చెప్పింది. అప్పటికే వడ్డీ, జరిమానా, జరిమానా మీద వడ్డీ కలిసి అసలును ఎప్పుడో దాటిపోయాయి. వొడాఫోన్ ఐడియా బాకీ 58,254 కోట్ల రూపాయలని శాఖ తేల్చింది, 21,533 కోట్లేనని కంపెనీ అంది. లెక్కల్లో పొరపాట్లున్నాయి, సరిదిద్దనివ్వమని వేడుకున్నా 2021 జులైలో కోర్టు ఒప్పుకోలేదు. రెండు అంకెల మధ్య తేడా 36 వేల కోట్ల పైమాటే. ఊహాగానాలన్నీ ఆ తేడాలోనే పుట్టాయి.

ఇక్కడ మామూలు దావాల్లో లేని చిక్కొకటి ఉంది. 2022 జనవరి 11న, వడ్డీ బకాయిని ప్రభుత్వానికి షేర్లుగా ఇస్తామని కంపెనీ ప్రకటించింది. ఆ ఒక్కరోజే షేరు ఐదో వంతు పడిపోయింది. ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది మాత్రం 2023 ఫిబ్రవరిలో. మధ్యలో ఏడాదికి పైగా ఏం జరిగింది? షేరు పది రూపాయల దగ్గర నిలదొక్కుకున్నాకే వాటా తీసుకుంటారని పేరు చెప్పని అధికారుల కబుర్లు పత్రికల్లో వచ్చాయి. అంత ముఖ్యమైన షరతును సంతకం ఉన్న కాగితం మీద చెప్పడానికి అడ్డేమిటో మాకు ఇప్పటికీ అంతుబట్టదు. చివరికి 16,133 కోట్ల బకాయి మూడో వంతు వాటాగా మారింది. 2025లో మరో 36,950 కోట్లు షేర్లయ్యాయి, సర్కారు వాటా 48.99 శాతానికి చేరింది. అంటే కోర్టులో ఎదుటి పక్షం, లైసెన్స్ ఇచ్చే అధికారి, అప్పు వసూలు చేసుకోవలసినవాడు, అందరికంటే పెద్ద వాటాదారు అన్నీ ప్రభుత్వమే. దాని నోటి నుంచి జారే ప్రతి మాటకూ షేరు ధర కదులుతుంది.

ఈ కదలికలో నలిగింది ఎవరు? 2024 ఏప్రిల్‌లో కంపెనీ 11 రూపాయల ధరకు 18,000 కోట్ల ఎఫ్‌పీఓ (లిస్టయిన కంపెనీ జనానికి మళ్లీ షేర్లు అమ్మడం) తెచ్చింది. సెప్టెంబర్ 19న బాకీ లెక్క సరిదిద్దమని కంపెనీ వేసిన ఆఖరి (క్యూరేటివ్) పిటిషన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసిందన్న వార్త మార్కెట్ నడుస్తుండగానే వచ్చింది. షేరు మళ్లీ ఐదో వంతు దాకా కూలింది. స్క్రీన్ ముందు కూర్చునే వాళ్లు బయటపడ్డారు. పొలంలోనో బడిలోనో దుకాణంలోనో ఉన్నవాళ్లకు సాయంత్రానికి గాని తెలియలేదు. 2025 అక్టోబర్ 27న బకాయిని ప్రభుత్వం పునఃపరిశీలించుకోవచ్చని కోర్టు అంది. అది శాఖ వేసిన అదనపు డిమాండ్‌కేనా, మొత్తం బాకీకా అన్న అయోమయం నవంబర్ 3న వివరణ వచ్చేదాకా నడిచింది. ఆ వారం రోజులూ షేరు పైకీ కిందికీ ఊగింది.

పద్ధతిగా చేయడం ప్రభుత్వానికి చేతకాదా అంటే, చేతనవును. 2025 మార్చిలో వాటా పెంపు కబురు ఆదివారం బయటపడింది. మార్కెట్ తెరిచేసరికి చిన్నా పెద్దా అందరికీ తెలుసు. కెయిర్న్ ఎనర్జీతో పాత తేదీల నుంచి వేసిన పన్ను గొడవ చూడండి. 2021లో పార్లమెంటులో చట్టమే చేశారు. కేసులన్నీ వెనక్కి తీసుకుంటే వసూలు చేసింది వడ్డీ లేకుండా తిరిగిస్తామన్న షరతు అందరూ చదివేలా అచ్చయింది. ఊహించడానికి ఏమీ మిగల్లేదు.

పత్రికల్లో వదంతి వచ్చి షేరు ధర గట్టిగా కదిలితే 24 గంటల్లో అవుననో కాదనో చెప్పాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెద్ద కంపెనీలకు నియమం పెట్టింది. మొదటి 100 కంపెనీలకు 2024 జూన్ నుంచి, మొదటి 250కి డిసెంబర్ నుంచి అది అమల్లో ఉంది. మంచి నియమమే. కానీ రాజీ సంగతి తెలిసినవాడు ప్రభుత్వమైనప్పుడు, "మాకు సమాచారం లేదు" అని కంపెనీ చెబితే అది నిజమే, ఎవరికీ ఉపయోగం లేని నిజం. లిస్టయిన కంపెనీతో దావాలో ఉన్న ప్రభుత్వ శాఖకూ అదే గడువు పెట్టాలి. చర్చలు నడుస్తున్నాయో లేదో ఆ శాఖ ఒక్క ముక్కలో చెప్పాలి. నిర్ణయం ఏదైనా సాయంత్రం మూడున్నర దాటాకే, అధికారి పేరుతో, స్టాక్ ఎక్స్ఛేంజ్‌లకు ముందుగా అందాలి. కంపెనీ కూడా ప్రతి మూడు నెలలకూ తన దావాల స్థితిని ఒక పేజీలో, తెలుగుతో సహా మన భాషల్లో ఇవ్వాలి.

బేరం గుట్టు బయటపెడితే బేరమే చెడుతుందని కొందరంటారు. బేరంలో ఏముందో మేం అడగడం లేదు. బాకీ మాఫీ చేయమనీ అడగడం లేదు. అది ప్రజల సొమ్ము, ఎంత వదులుకోవాలో చట్టసభలు చూసుకుంటాయి. చెప్పే వేళ, చెప్పే మనిషి, చెప్పే చోటు ముందే తెలిసి ఉండాలన్నదే మా కోరిక.

ఈ కాగితం చదివినవారు మీ నియోజకవర్గ ఎంపీకి ఒక ఉత్తరం రాయండి. పార్లమెంటులో అడగమని ఈ ప్రశ్న ఇవ్వండి: "లిస్టయిన కంపెనీలతో దావాల్లో ఉన్న కేంద్ర శాఖలు రాజీ సమాచారాన్ని ఎప్పుడు, ఎలా ప్రకటించాలన్న నియమం ఉందా? లేకపోతే ఎప్పటిలోగా చేస్తారు?" అదే ఉత్తరం నకలు సెబీకి పంపండి. జవాబు కాగితం మీద వచ్చేదాకా, గ్రూపులో వచ్చిన ఏ సెటిల్‌మెంట్ కబురునూ ఇంకొకరికి ఫార్వర్డ్ చేయకండి.

ఇట్లు,
కొందరు చిన్న వాటాదారులు