ఇంటి లెక్క పిల్లలకు చెప్పండి



పరీక్షలు అయిపోయి పదో తరగతి, ఇంటర్ పిల్లలు ఇళ్లలో ఉన్నారు. మిరపకోతలు ఆఖరికొచ్చాయి. కమీషన్ దుకాణాల నుంచి తక్‌పట్టీలు వస్తున్నాయి. ఇంకో నెలలో కాలేజీ ఫీజులు, విత్తనాలు, ఎరువులు, కౌలు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఈ నెల మద్దతు ధర గురించి రాయాలనుకున్నాను. దానికి బదులు మన ఇళ్లలో సంగతి రాస్తున్నాను.

మనలో చాలామంది అప్పు మాట పిల్లల చెవిన పడనివ్వరు. చదువుకునే వయసు, వాళ్లకెందుకీ బాధ అంటారు. తండ్రిగా ఆ మాట నాకు అర్థమవుతుంది. కానీ పదిహేను, పదహారేళ్ల పిల్లలకు తెలియదనుకోవడం మన భ్రమ. ఫోన్ మోగగానే మనం వాకిట్లోకి వెళ్లి మెల్లగా మాట్లాడటం వాళ్లు చూస్తూనే ఉంటారు. అమ్మ మెడలో గొలుసు బ్యాంకుకు వెళ్లి ఎన్ని నెలలైందో ఆడపిల్లకు మనకంటే బాగా గుర్తుంటుంది. వాళ్లకు తెలియనిది అంకె ఒక్కటే. అంకె తెలియకపోతే కొందరు పిల్లలు ఉన్న అప్పుకు నాలుగింతలు ఊహించుకుని భయపడతారు. ఇంకొందరు ఏమీ పట్టనట్టు బైకు కొనమంటారు. ఈ రెండో రకం పిల్లల్ని తిట్టడం తేలిక. ఇంట్లో డబ్బు లేదని వాళ్లకు ఎవరు చెప్పారు?

సంఘం పని మీద నేను ఆత్మహత్య చేసుకున్న రైతుల ఇళ్లకు వెళ్తుంటాను. ఆ కుటుంబానికి సహాయం అందాలంటే ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ అధికారి విచారణ చేయాలి. అప్పు ఎవరి దగ్గర, ఎంత, కాగితం ఏది అని అడుగుతారు. ఆ ఇల్లాలు ఒకటి రెండు పేర్లు చెప్పి ఆగిపోతుంది. పెద్దకర్మ నాటికి ఎవరెవరో నోట్లు పట్టుకుని వస్తారు. ఆ నోట్ల మీద నాన్న సంతకాన్ని ఇంటర్ చదివే పిల్లవాడు అప్పుడే మొదటిసారి చూస్తాడు. అందులో తీరిపోయిన నోటు ఏది, మూడేళ్లు దాటకుండా తిరగరాసింది ఏది, కొంత కట్టి వెనక చెల్లు రాయించుకోనిది ఏది, చెప్పే మనిషి లేడు. కౌలు రైతు ఇల్లయితే ఇంకా ఘోరం. భూమి యజమాని సంతకం పెట్టలేదు కాబట్టి సీసీఆర్‌సీ కార్డు లేదు, కార్డు లేదు కాబట్టి బ్యాంకు అప్పు లేదు, ఉన్నదంతా చేబదులు. అది రుజువు చేయలేక సహాయం పోయిన ఇళ్లు నాకు తెలుసు.

మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెబుతున్నాను. పురుగుమందుల డబ్బాలు పడకగదిలో, మంచం కింద పెట్టకండి. పొలం దగ్గర పెట్టెలో పెట్టి తాళం వేయండి. మనకైనా పిల్లలకైనా మనసు బరువెక్కితే 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

మా ఇంట్లో రెండేళ్లుగా ఒక పొడుగు పుస్తకం ఉంది. పెట్టుబడి, కూలి, వడ్డీ, అమ్మకం అందులో రాస్తాం. నెలకోసారి నలుగురం కూర్చుంటాం. అబ్బాయి ఇప్పుడే ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాశాడు, అమ్మాయి పదో తరగతి. చక్రవడ్డీ ఎనిమిదో తరగతి లెక్కల్లోనే ఉంది కదా. కిసాన్ క్రెడిట్ కార్డు అప్పు గడువులోపు కడితే మూడు లక్షల వరకు నాలుగు శాతం, అంటే లక్షకు ఏడాదికి 4 వేలు. బయట మూడు రూపాయల వడ్డీకైతే అదే లక్షకు 36 వేలు. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసినప్పుడు అమ్మాయి పెన్ను కింద పెట్టి నా మొహం చూసింది.

తరువాత ఆ అమ్మాయే తక్‌పట్టీలో తేడా పట్టింది. జూన్‌లో లక్షన్నర, సెప్టెంబరులో లక్ష తీసుకున్నాం. దుకాణంలో రెండున్నర లక్షలకూ జూన్ నుంచే రెండు రూపాయల వడ్డీ కట్టారు. లక్ష మీద మూడు నెలలు, ఆరు వేలు ఎక్కువ. పుస్తకం తీసుకెళ్లి చూపిస్తే సరిచేశారు. ఆడపిల్లతో లెక్కలు వేయిస్తున్నావా అని ఒక వెటకారం, మరుసటి ఏడాది పెట్టుబడికి పది రోజులు తిప్పించుకోవడం అదనం. ఆరు వేలు మాత్రం మిగిలాయి.

అబ్బాయి సంగతి వేరు. పుస్తకం చూసిన రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు, "పొలం ఎందుకు అమ్మకూడదు నాన్నా?" అన్నాడు. సంఘం మీటింగుల్లో చెప్పే మాటలే నేను మొదలుపెట్టాను. "అవి కాదు, లెక్క చెప్పు" అన్నాడు. కూర్చుని మూడేళ్ల లెక్క వేశాం. 2025 ఫిబ్రవరిలో మిర్చి పడిపోయి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించిన ఏడాది కూడా అందులో ఉంది. సొంత రెండెకరాలు రెండేళ్లు నష్టం, ఒక ఏడాది కాస్త మిగులు. కౌలు నాలుగెకరాలు మూడేళ్లూ నష్టం. సొంతం ఉంచుకుని కౌలు రెండెకరాలు వదిలేద్దామన్నాడు. ఈ ఖరీఫ్‌కు వదులుతున్నాం. ఇంజనీరింగ్‌లో మేనేజ్‌మెంట్ సీటు మాట కూడా ఎత్తడం లేదు. ర్యాంకు వస్తే కన్వీనర్ కోటా, లేకపోతే డిగ్రీ అంటున్నాడు. ఇందులో నాకు సంతోషం సగమే. కోరిక చంపుకుని మాట్లాడుతున్నాడేమోనని మా ఆవిడ అంటుంది. కావచ్చు. అయినా వాడి చదువు కోసం నేను ఎవరికీ చెప్పకుండా మూడు రూపాయల వడ్డీకి నోటు రాసి, అది వాడికి ముప్పై ఏళ్లప్పుడు తెలియడం కంటే ఇది నయం.

లెక్క చూపిస్తే పిల్లలు వ్యవసాయం వదిలి పారిపోతారని మన కమిటీలో ఒక పెద్దాయన అన్నారు. వెళ్తే వెళ్లనివ్వండి. తెలిసి వెళ్లినవాడు రేపు ఏ ఉద్యోగంలో ఉన్నా రైతు మాట వస్తే మన పక్షాన మాట్లాడతాడు.

ఇంకో సంగతి. సాగు ఖర్చులో ఏ2 ప్లస్ ఎఫ్ఎల్ చాలదు, సీ2 మీద యాభై శాతం కలిపి ఇవ్వాలని ప్రభుత్వాన్ని అడుగుతున్నాం. అందులో ఎఫ్ఎల్ అంటే కుటుంబ శ్రమ. మిర్చికి ఎలాగూ మద్దతు ధర లేదనుకోండి. ఢిల్లీ వాళ్లు కనీసం కాగితం మీద లెక్కగట్టే ఆ శ్రమను మన ఇంటి పుస్తకంలో మనం రాస్తున్నామా? ఫిబ్రవరి, మార్చి నెలల్లో, సరిగ్గా పరీక్షల ముందు, ఆదివారాలన్నీ కోతకు వచ్చిన పిల్లల కూలి ఏ గడిలో ఉంది? మా పుస్తకంలో ఈ ఏడాది నుంచి వాళ్లమ్మ పేరుతో, వాళ్ల పేర్లతో మూడు గడులు గీశాం. డబ్బు చేతికి ఇవ్వలేకపోయినా అంకె ఉంది.

పుస్తకం ముందు కొడుకునొక్కడినే కూర్చోబెట్టే ఇళ్లకు ఒక మాట. తాతల నాటి ఆస్తిలో కూతురికి సమాన హక్కు మన రాష్ట్రంలో 1985లోనే వచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది, 2020లో సుప్రీంకోర్టు మళ్లీ గట్టిగా చెప్పింది. భూమిలో వాటా ఉన్న మనిషికి ఆ భూమి మీది అప్పు ఎంతో తెలియాలి.

వచ్చే నెల గ్రామ శాఖల సమావేశాల్లో నోటు వెనక చెల్లు ఎలా రాయించుకోవాలి, తక్‌పట్టీ ఎలా చదవాలి, సీసీఆర్‌సీకి దరఖాస్తు ఎలా పెట్టాలి అనేవి చూపిస్తాం. మీ తక్‌పట్టీలు, పాత నోట్ల నకళ్లు తెచ్చుకోండి. పదో తరగతి దాటిన పిల్లల్ని, ఇంట్లో ఆడవాళ్లను వెంట తీసుకురండి. కాలిక్యులేటర్లు అక్కర్లేదు, పిల్లల ఫోన్లలో ఉంటాయి.