‘హెడ్’ కొట్టాక ఏం చేస్తారు?

ఇంటర్వ్యూలో ఒక ఫైల్ చేతికిచ్చి ‘మొదట ఏం చేస్తారు?’ అని అడిగితే మన పిల్లలు దాదాపు అందరూ చెప్పే జవాబు ఒకటే: ‘హెడ్ కొడతానండీ’. తప్పేం కాదు. ఆర్‌లో మొదటి ఆరు వరుసలు, పైథాన్ పాండాస్‌లో ఐదు వరుసలు కనిపిస్తాయి. కాలమ్ పేర్లు సరిగ్గా వచ్చాయా, తేదీలో రోజు, నెల తారుమారయ్యాయా అన్నది క్షణంలో తెలిసిపోతుంది. నా అభ్యంతరమల్లా ఆ వెంటనే ‘డేటా క్లీన్‌గానే ఉంది సార్’ అనేయడం మీదే.

కోచింగ్‌లో అందరూ మొదలుపెట్టే ఐరిస్ డేటానే చూడండి. 150 వరుసల్లో మొదటి 50 సెటోసా పూలే. హెడ్‌తో ఆగిపోయినవాళ్లకు మిగతా రెండు జాతులు ఉన్నట్టే తెలియదు.

మన దగ్గరి ఉదాహరణ కావాలంటే ఖిలా వరంగల్ ఉంది. కోట సంగతి కాదు, మండలం సంగతి. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు అది కొత్త మండలంగా వరంగల్ అర్బన్ జిల్లాలోకి వెళ్లింది. 2021 ఆగస్టులో అర్బన్ పేరు హనుమకొండగా, రూరల్ పేరు వరంగల్‌గా మారాయి. ఖిలా వరంగల్ మాత్రం హనుమకొండతో ఉండిపోకుండా వరంగల్ జిల్లాలో కలిసింది. కోట చుట్టూ ఉన్న ఇళ్లు అంగుళం కదల్లేదు, ఐదేళ్లలో రెండుసార్లు జిల్లా మారాయి!

ఇప్పుడు ఆ కోట ప్రాంతపు వర్షపాతం లెక్కలు 2014 నుంచి 2024 వరకు తేదీల వరుసలో ఒకే ఫైల్‌లో ఉన్నాయనుకోండి. హెడ్ కొడితే జిల్లా కాలమ్‌లో ‘వరంగల్’. అనుమానమొచ్చి టెయిల్ కొడితే అక్కడా ‘వరంగల్’. రెండు చివరలూ కలిశాయి కదా అని ధీమాగా ‘వరంగల్’ అని ఫిల్టర్ పెడతారు. మధ్యలో ‘వరంగల్ అర్బన్’గా ఉన్న దాదాపు ఐదేళ్లు ఎగిరిపోతాయి. ఎర్రర్ రాదు, హెచ్చరికా రాదు. గ్రాఫ్ చక్కగానే వస్తుంది, అదే ప్రమాదం.

రాష్ట్రమంతటి ఫైలైతే ఇంకో చిక్కు. మొదటి వరంగల్ వేరు, చివరి వరంగల్ వేరు. పాతదాంట్లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అన్నీ ఉన్నాయి. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి వానలు పెరిగాయనో తగ్గాయనో అంటే ఎవరు నమ్మాలి? పైగా జిల్లా పేర్లు అక్షర క్రమంలో ఉంటే హెడ్‌లో ఎప్పుడూ కనిపించేది ఆదిలాబాదే.

కాబట్టి హెడ్ కొట్టాక అక్కడే ఆగకండి. జిల్లా కాలమ్ మీద ఆర్‌లో టేబుల్, పాండాస్‌లో వేల్యూ కౌంట్స్ నడపండి. ఒక్క లైన్ పని. ‘ఖిలా’, ‘ఖిల్లా’ లాంటి స్పెల్లింగ్ తేడాలు కూడా అక్కడే దొరికిపోతాయి. తర్వాత జిల్లాకీ సంవత్సరానికీ క్రాస్ టేబుల్ వేయండి. 2016, 2021 దగ్గర అంకెలు ఎలా విరిగాయో కళ్లకు కడుతుంది. శాంపిల్‌తో మధ్యలోంచి ఓ ఇరవై వరుసలు తీసి చదవండి, కాస్త విసుగైనా సరే.

జిల్లాలు విడిపోయిన సంగతి సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. ఎక్కడో దూరాన కూర్చున్న అనలిస్టుకూ తెలియకపోవచ్చు. మీకు తెలుసు. జనగామ, మహబూబాబాద్ వాళ్లయితే పాత, కొత్త లెక్కలున్న ఫైల్ ఒకటి తీసుకుని జిల్లా కాలమ్‌లో మీ జిల్లా పేరు వెతకండి. 2016 అక్టోబరుకు ముందు దొరకదు. ఆ పాత వరుసలు ఏ పేరు కింద ఉన్నాయో పట్టుకుని, మండలాలవారీగా ఎలా కలిపారో రెజ్యూమెలో రెండు లైన్లు రాయండి.