మడమ నొప్పికి మంచం మందు కాదు

హుజూరాబాద్ పరిసరాలలో పోలీసు కొలువు కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేస్తున్న యువకులారా! మడమకు కాస్త పైన నొప్పి రాగానే ‘నరం పట్టింది’ అంటారు. అది నరం కాదు. పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే అకిలిస్ స్నాయువు.

వారాల తరబడి మంచానికే పరిమితం కావడం దీనికి చికిత్స కాదు. పనిలేని స్నాయువు మరింత బలహీనమవుతుంది. పరుగు తగ్గించి, దానికి క్రమంగా బరువు అలవాటు చేయాలి. స్వీడన్ వైద్యుడు ఆల్‌ఫ్రెడ్‌సన్ 1998లో ప్రచురించిన పద్ధతి అదే. మెట్టు అంచున మునివేళ్లపై నిలిచి, నొప్పి ఉన్న కాలి మడమను నెమ్మదిగా కిందికి దించాలి. పైకి రెండో కాలితో లేవాలి. మోకాలు నిటారుగా ఉంచి 15 సార్ల చొప్పున మూడు విడతలు, కొద్దిగా వంచి మరో మూడు; రోజుకు రెండు పూటలా, 12 వారాలు.

దేహదారుఢ్య పరీక్ష దగ్గరపడిందని స్నాయువులోకి స్టెరాయిడ్ సూది వేయించుకోకండి. అది తెగే ముప్పుంది. ‘టప్’మని శబ్దమై, మునివేళ్లపై లేవలేకపోతే ఆనాడే ఆసుపత్రికి వెళ్లండి. నోటిఫికేషన్ మరొకటి రావచ్చు. తెగిన స్నాయువుతో ఆ పరుగు కష్టం.