గంటలో రిపోర్ట్ వస్తే సరిపోతుందా?

నిరుడు మా తాతయ్య వెంటిలేటర్ మీద ఉండగా న్యుమోనియా వచ్చింది. (ఇప్పుడు ఇంట్లో క్రికెట్ చూస్తున్నారు లెండి.) కఫం తీసి కల్చర్‌కి పంపారు. రిపోర్ట్ వచ్చేదాకా మెరోపెనెమ్ ఎక్కిస్తూనే ఉన్నారు. ఏ బ్యాక్టీరియానో తెలియకుండానే అంత పెద్ద మందా అని నాకు కోపం. తప్పు ఎవరిదీ కాదు, ల్యాబ్‌లో బ్యాక్టీరియా పెరగడానికి రెండు మూడు రోజులు పడుతుంది.

తర్వాత పీసీఆర్ ప్యానెల్స్ గురించి చదివాను. బయోఫైర్ లాంటి మెషీన్ డీఎన్ఏ చూసి సుమారు గంటలో పేరు చెప్పేస్తుంది. ఎన్‌డీఎం లాంటి కొన్ని రెసిస్టెన్స్ జీన్స్ ఉన్నాయో లేదో కూడా. సీఎస్ బుర్ర కదా, లేటెన్సీ తగ్గితే ప్రాబ్లమ్ సాల్వ్ అనుకున్నా.

కాలేదు. బ్రిటన్‌లో 14 ఐసీయూల్లో చేసిన ఇన్‌హేల్ ట్రయల్ ఫలితాలు 2025లో వచ్చాయి. ఈ టెస్ట్ వాడిన చోట యాంటీబయాటిక్స్ వాడకం మెరుగైంది. కానీ జబ్బు నయమవడంలో పాత పద్ధతికి తీసిపోలేదని మాత్రం నిరూపించలేకపోయారు. డీఎన్ఏ చచ్చిన బ్యాక్టీరియాకీ ఉంటుంది, ఏ హానీ చేయకుండా గొంతులో కాపురం పెట్టినదానికీ ఉంటుంది. పేరు దొరికినంత మాత్రాన దొంగ దొరికినట్టు కాదు.

అయినా నా ఓటు మెషీన్‌కే. కాకపోతే రాత్రి రెండింటికి రిపోర్ట్ వస్తే, అది చదివి మందు మార్చాలో ఆపాలో చెప్పగల డాక్టర్ అప్పుడు డ్యూటీలో ఉండాలి. తాతయ్య రిపోర్ట్ మూడో రోజు సాయంత్రం వచ్చింది. మందు మారింది మర్నాడు రౌండ్స్‌లో.