గీత ఎందుకు వంగింది?

మడి చివర మొక్క వాడితే మా నాన్న మొక్క దగ్గర కూర్చోడు. కాలవ గట్టు వెంట మోటారు దాకా నడుస్తాడు. ఎక్కడ గండి పడిందో, ఎక్కడ పూడిందో ఒక్కొక్కటే చూసుకుంటూ పోతాడు. రైతు బిడ్డలమైన మనం ప్రయోగశాల గడప దాటగానే ఈ చదువు ఎందుకు మరచిపోతున్నాం?

ఈ ఏడాది మా బ్యాచ్‌కి హెచ్.పి.ఎల్.సి. మీద టీ ఆకులోని కెఫీన్ చూసే ప్రయోగం వచ్చింది. నీటిలో మెథనాల్ పాలు క్రమంగా పెంచుతూ కాలమ్ గుండా పంపాలి. దీన్నే గ్రేడియెంట్ అంటారు. బల్లపరుపుగా సాగాల్సిన బేస్‌లైన్ కాస్తా గట్టెక్కినట్టు పైపైకి పోయింది. "కంప్యూటర్లో సరిచేసి ప్రింటు తియ్యండి, రికార్డులో గీత తిన్నగా ఉంటే చాలు" అన్నారొకరు. అలాగే చేశాం. మార్కులూ పడ్డాయి. నాకు మాత్రం మనసొప్పలేదు.

అనుమతి తీసుకుని మళ్లీ మొదలుపెట్టాను. ఒక్కసారికి ఒక్కటే మార్చాలని నియమం పెట్టుకున్నాను. మొదట శాంపిల్ ఎక్కించకుండా నడిపాను. గీత అలాగే లేచింది, అంటే తప్పు టీ ఆకుది కాదు. తరువాత మెథనాల్, నీరు పాళ్లు మార్చకుండా నడిపాను. గీత తిన్నగా నిలిచింది. దీపం పాతబడో, గది వేడెక్కో ఉంటే ఇప్పుడూ వంగాలి కదా! ఇక మిగిలింది మెథనాలే. డిటెక్టరు చూస్తే 210 నానోమీటర్ల దగ్గరుంది. 205కు దిగువన మెథనాల్ కాంతిని దాదాపు పోనివ్వదు. 210లోనూ కొంత మింగుతుంది. దాని పాలు పెరిగేకొద్దీ గీత లేవక ఏం చేస్తుంది? కెఫీన్ 273 దగ్గర చక్కగా కనిపిస్తుంది. అక్కడ పెట్టేసరికి గీత దాదాపు చదునైంది. 210లోనే చూడక తప్పని పదార్థమైతే, 190 దాకా కాంతిని పోనిచ్చే ఎసిటోనైట్రైల్ వాడుకోవచ్చు.

కంప్యూటర్లో సరిచెయ్యడం పాపమని నేననను. కారణం తెలిశాక చేస్తే అది దిద్దుబాటు, తెలియక చేస్తే కప్పిపుచ్చడం. పీకు వైశాల్యాన్ని కొలిచేది బేస్‌లైన్ మీదనుంచే. రేపు మనలో కొందరు మందుల కంపెనీల్లో చేరతారు. మాత్రలోని మలినం ఇంత అని సంతకం పెడతారు. ఆ చిన్న పీకు వంగిన గీత మీద ఉంటే, ఆ సంతకానికి విలువేముంది?

అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే. రికార్డులో చెడిపోయిన ప్రయోగానికీ ఒక పేజీ ఇవ్వండి, కారణం వెతికినవాడికీ మార్కులు వెయ్యండి. మిత్రులారా, వంగిన గీతను దాచకండి. ఎందుకు వంగిందో అడగండి.