డిగ్లీపూర్ అగ్నిమాపక అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మే నుంచి డిసెంబరు దాకా వానలు పడే ఊరు మనది. దండెం మీద బట్టలు ఆరవు కనుక లాడ్జీలవాళ్లు, స్తోమత ఉన్నవాళ్లు డ్రైయర్లు కొంటున్నారు. వాటి లోపలి జాలీ తీసి చూడండి: బట్టల నుంచి రాలిన నూగు మందంగా పేరుకుని ఉంటుంది. వేడి తగిలితే దూదిలాగే భగ్గుమంటుంది. గొట్టం కూడా పూడుకుపోతే వేడిగాలికి బయటకు దారే ఉండదు. అమెరికాలో 2008-2010 మధ్య ఏటా సుమారు 2,900 ఇళ్లలో డ్రైయర్ల వల్ల మంటలు లేచాయి; శుభ్రం చేయకపోవడమే ప్రధాన కారణమని అక్కడి అగ్నిమాపక విభాగం తేల్చింది.

లాడ్జీల తనిఖీలో మంటలార్పే సిలిండరు తేదీ చూసి సరిపెట్టకండి, డ్రైయర్ వెనక గొట్టమూ విప్పించండి. ప్లాస్టిక్‌దైతే లోహపుది పెట్టించండి. వాడిన ప్రతిసారీ జాలీ తుడవాలని, నడుస్తుండగా వదిలేసి నిద్రపోవద్దని హిందీ, బెంగాలీ, తెలుగుల్లో బోర్డులు రాయించండి. మంటలు ముదిరితే శ్రీవిజయపురం (పాత పోర్ట్ బ్లెయిర్) నుంచి అదనపు బండి రావాలంటే 300 కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు దాటాలి.

ఇట్లు,
డిగ్లీపూర్ వాసి